మొదటి వాయి

వేరుశనగ కాయను చెవి దగ్గర ఆడిస్తే లోపల పప్పు నిండిందో లేదో నాకు తెలుస్తుంది. గోతం మూతి విప్పితే పైన ఏం పోశారో, అడుగున ఏం దాచారో తెలుస్తుంది. రెంటచింతలలో నా ఈడువాళ్ళలో కాయ బేరం నాకంటే బాగా చేసినవాడు లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు. మా అత్త ఇంట్లో నేను కట్టిన లెక్క అర్థం కావాలంటే ముందు నా వృత్తి తెలియాలి.

మా అత్త పేరు మణెమ్మ. పిల్లనిచ్చిన అత్త మాత్రమే కాదు, మా నాన్న తోడబుట్టిన మేనత్త. మా అమ్మ చిన్నప్పుడే పోవడంతో నేను సగం ఆమె చేతి కూడు తినే పెరిగాను. ఆమెకు మగపిల్లలు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది కరుణమ్మను నాకిచ్చింది. మేనరికమైతే గుడిలో పెళ్ళికి బిషప్ గారి అనుమతి కావాలి. అది తెప్పించడానికి తనే బస్సెక్కి గుంటూరు వెళ్ళివచ్చింది. చిన్నది ఫిలోమినాకు ఫిరంగిపురం నుంచి సంబంధం తెచ్చింది. ఆ అల్లుడు అంతోని. మా ఊరి మిషన్ బడిలో మాస్టరు.

అత్తకు మాచర్ల రోడ్డు పక్కన ఒక దొడ్డి ఉండేది. ఒక మూల బావి, బావి పక్కన మునగచెట్టు, మిగతాదంతా తోటకూర, మెంతికూర మళ్ళు. సాగర్ డ్యాము పని మొదలయ్యాక ఆ రోడ్డు మీద లారీలు ఆగకుండా తిరుగుతున్నాయి. ఆ దొడ్డి నా చేతికొస్తే అందులో కాయ కొట్టి పప్పు తీసే మర పెట్టాలని నా ఆలోచన. బండ్లు ఒక వైపు వచ్చి, కాయ దించి, రెండో వైపు పోవచ్చు. మాచర్లలో మస్తాన్‌రావు అప్పటికే మర పెట్టేశాడు. మా చుట్టుపక్కల కాయంతా నా గుమ్మం దాటి అతని గుమ్మానికి పోతోంది. నాకు రోడ్డు మీద జాగా లేకపోతే నేను ఎప్పటికీ గోతాలు మోయించే చిల్లర బేరగాడినే.

దొడ్డి ఎవరికిస్తావని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. అవతలివాడు నోరు విప్పనప్పుడు బేరగాడు చెయ్యి చూస్తాడు, కన్ను చూస్తాడు. మా అత్త మనసు ఏ అల్లుడి వైపు మొగ్గుతోందో చూడటానికి నాకు దొరికిన త్రాసు ఒక్కటే. శుక్రవారం ఆకు పకోడీలు.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో మేము శుక్రవారం నీచు ముట్టం. పగలంతా ఒక్క పొద్దు. సాయంత్రం గుడిలో సిలువ మార్గం ప్రార్థన అయ్యాక ఇంటిల్లిపాదీ అత్త ఇంటికి చేరేవాళ్ళం. ఆమె పొయ్యి వెలిగించేది. దీని గురించి ఒకసారి గుడి స్వామి గారు నవ్వుతూనే అడిగారు.

“మణెమ్మా, తపస్సు అంటే నోరు కట్టుకోవడం గదా?”

“మేక తినే ఆకే మేమూ తింటన్నాం స్వామీ. మేకను తింటే గదా తప్పు?” అంది అత్త. స్వామి గారికి కూడా ఆకు దొన్నెలో పకోడీలు పంపింది. దొన్నె ఖాళీగా తిరిగొచ్చింది.

ఆమె చేసే పద్ధతి చెప్పాలి. మధ్యాహ్నమే దొడ్డికి వెళ్ళి తోటకూర లేత చివళ్ళు, గుప్పెడు మెంతికూర, కాస్త మునగాకు కోసుకొచ్చేది. కడిగి పాత చీర మీద పరిచి నీడలో ఆరబెట్టేది. ఆకుకు తడి ఉంటే పకోడీ మెత్తబడుతుందని ఆమె భయం. తరిగిన ఆకులో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, వాము, ఉప్పు వేసి గట్టిగా పిసికి కాసేపు వదిలేసేది. ఆకు తన నీళ్ళు తనే వదిలేది. ఆ నీళ్ళకు సరిపడా శనగపిండి, గుప్పెడు బియ్యప్పిండి చల్లి, కాగిన నూనె ఒక గరిటెడు పోసి కలిపేది. చెంబుతో నీళ్ళు పోయడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. చివరికి పిండి మీద వేలితో సిలువ గురుతు గీసి, మూకుట్లో మొదటి వాయి వేసేది.

నూనె నా కొట్లోది. శనగపిండి నా కొట్లోది. పొయ్యిలోకి పత్తికట్టె నా బండి మీద వచ్చిందే. ఆ మొదటి వాయి మాత్రం అంతోనిది.

ఆ ఇంట్లో ఉన్నది ఒకే కుర్చీ. మా మామ బతికున్నప్పుడు ఆయన కూర్చున్న కుర్చీ. అంతోని తెల్ల లాల్చీ వేసుకుని, తల దువ్వుకుని వచ్చి వసారాలో ఆ కుర్చీలో కూర్చునేవాడు. గుడిలో సిలువ మార్గం పాటలు అతనే ఎత్తుకుంటాడు కాబట్టి వచ్చేసరికి గొంతు కాస్త బొంగురుపోయి ఉండేది. అత్త చెంగు తల మీద సర్దుకుని ఇత్తడి పళ్ళెంలో మొదటి వాయి అతని ముందు పెట్టేది.

“తినండి మాస్టారూ. వేడిగా ఉన్నయ్యి, నిదానంగా.”

“చానా బాగున్నాయి అత్తయ్య గారూ.”

“ఇంకో రెండేస్తా ఉండండి. మొహమాటపడబాకండి.”

నేనెక్కడున్నానంటే వంటింట్లో, పొయ్యి ముందు గొంతుక్కూచుని కట్టెలు ఎగదోస్తున్నాను. నాకు వచ్చే మాటలు వేరు.

“ఒరేయ్ ఇన్నయ్యా, మంట తగ్గించరా, మాడిపోతంది.”

“ఒరే, ఆ ఉల్లిపాయ ఇట్టా అందుకో. నీ చేతికేమన్నా జబ్బా?”

రెండో వాయి ఫిలోమినాకు, దాని పిల్లకు. ఆ తర్వాతిది వీధిలోకి, పక్కింటి హనుమాయమ్మకు, ఆమె అత్తకు. పిండి అయిపోవచ్చాక గిన్నె అంచులకు అంటుకున్నది గీకి, మిగిలిన ఆకు అంతా దులిపి, కట్టె ఆరి నిప్పులు మిగిలిన పొయ్యి మీద చివరి వాయి వేసేది. అది మిగతావాటిలా పచ్చగా ఉండదు, నల్లగా ఉంటుంది. పిండి తక్కువ, ఆకు ఎక్కువ. నూనెలో రాలిన పలుకులన్నీ చిల్లుల గరిటెతో దేవి దాని మీదే పోసేది. దాన్ని ఆమె, కరుణమ్మ, నేను వంటింట్లోనే, పళ్ళెం కూడా లేకుండా, నూనె ఓడ్చే సిబ్బిలోంచి తినేవాళ్ళం. ఆమె తన వాటాలోంచి పలుకులు తీసి నా వైపు నెట్టేది. “తిను, ఎండిపోయినావు” అనేది.

నా లెక్క నేను కట్టుకున్నాను. గోతంలో పై సరుకు మంచిది పోస్తారు. అడుగున మట్టి, పొల్లు మిగులుతాయి. పై సరుకు ఎవరికి చూపిస్తే బేరం వాడితోనే. అడుగు సరుకు, అడిగినా అడక్కపోయినా ఇంట్లో పడి ఉండేవాడికి. దొడ్డి అంతోనిదే.

ఒకరోజు కాయ చెరుగుతున్న కరుణమ్మతో ఈ మాట అన్నాను.

“మీ అమ్మకు మాస్టరంటేనే ముద్దు.”

“ఎందుకట్టా అనుకున్నావు?”

“మొదటి వాయి ఎవరికి పెడతంది?”

ఆమె చేట ఆపి నా మొహం చూసింది. “వాయిలు లెక్కబెట్టే మగోణ్ణి నిన్నే చూశా. ఆయన ఫిరంగిపురం నుంచి వచ్చిన అల్లుడు. పెట్టకపోతే రేపు వాళ్ళమ్మ ఏమంటది?”

“నేను అల్లుణ్ణి కాదా?”

“నువ్వా?” అని నవ్వింది. “నువ్వు మా అమ్మ చంకలో పెరిగినోడివి. నీకు మర్యాద ఏంది?”

ఆ నవ్వు నాకు నచ్చలేదు. అంతోని నాకంటే ఏం ఎక్కువ పెట్టాడు ఆ ఇంట్లో? పండక్కి ఒక జపమాల తెచ్చాడు, ఒక ఏసు పటం తెచ్చాడు. ఆ పటం గోడకు ఎక్కింది. నేను తెచ్చిన నూనె పొయ్యి మీదికెక్కింది. పటం అందరూ చూస్తారు. నూనె ఎవరు చూస్తారు? అతను మాట్లాడితే మా అత్త వింటుంది. నేను మాట్లాడితే “నీ బేరం మాటలు నా దగ్గర కాదురా” అంటుంది. అతని లాల్చీ మీద మసి పడకూడదని వసారాలో కూర్చోబెడుతుంది. నా చొక్కాకు పొయ్యి మసి ఎప్పుడూ ఉండేదే.

ఇంతలో హనుమాయమ్మ నా కొట్టుకొచ్చి బెల్లం తీసుకుంటూ నిప్పు పెట్టిపోయింది.

“ఏంది ఇన్నయ్యా, నిన్న మీ అత్త మాస్టారుని దొడ్లోకి తీసకపోయింది? ఇద్దరూ ఆ మూల నుంచి ఈ మూలకి నడుస్తన్నారు. బావి కాడ నిలబడి చేతులూపుకుంటా మాట్లాడుకున్నారు. కట్టబెట్టేస్తందా ఏంది?”

“నాకేం తెలుసు పిన్నీ.”

“పెద్దల్లుడివి, నీకు తెలవకుండానే?” అని బెల్లం కొంగున వేసుకుని పోయింది.

ఆ పూట కొట్లో ఏ బేరమూ నాకు తలకెక్కలేదు. ఒకడు తడిసిన కాయ పోస్తే పొడి కాయ కింద తీసుకున్నాను. అంతకుముందు నా చేతిలో అలాంటి పొరపాటు జరగలేదు.

మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం. సిలువ మార్గం అయ్యీ కాకముందే నేను గుడిలోంచి బయటపడి అందరికంటే ముందు అత్త ఇంటికి చేరాను. వంటింట్లోకి వెళ్ళలేదు. కాళ్ళు కూడా కడుక్కోలేదు. వసారాలో కుర్చీలో కూర్చున్నాను. ఫిలోమినా, కరుణమ్మ వచ్చారు. అంతోని వచ్చి, నన్ను చూసి, గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. లోపల నూనెలో పిండి పడిన చప్పుడైంది. కాసేపటికి అత్త పళ్ళెంతో వచ్చింది.

“ఒరే, ఆ కుర్చీలో కూచున్నావేంది? మాస్టారు నిలబడ్డారు, లే.”

“నిలబడనీ అత్తా. నేనూ అల్లుణ్ణే. పెద్దల్లుణ్ణి. ఆ పళ్ళెం ఇట్టా పెట్టు.”

ఫిలోమినా పకపకా నవ్వింది, వేళాకోళం అనుకుని. కరుణమ్మ నవ్వలేదు.

“ఏందిరా ఇవాళ నీ గోల? పొయ్యి కాడ మంట చూసేవాళ్ళు లేరు. లేచి రా.”

“ఎన్నాళ్ళు చూడాలి మంట? నూనె నాది, పిండి నాది, కట్టె నాది. పై సరుకంతా మాస్టారుకి, అడుగు సరుకు నాకా? ఆ నల్లటి మాడు ముక్కలు, ఆ పలుకులు కుక్కకేసినట్టు సిబ్బిలో. నాకు మొదటి వాయి పెట్టు. అల్లుడికి పెట్టినట్టు పెట్టు.”

“అన్నయ్యా, మీరే తినండి, నాకేం తొందర లేదు” అన్నాడు అంతోని. ఆ మంచితనం నాకు ఇంకా మంటెక్కించింది.

“నువ్వు ఇప్పించబల్లేదులే మాస్టారూ. అడగాల్సినోళ్ళని అడుగుతున్నా.”

అత్త తన చేతిలోని పళ్ళెం వైపు చూసింది. “అడుగు సరుకా?” అంది, నన్ను కాదు, పళ్ళేన్ని అడిగినట్టు. తర్వాత లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చేటప్పుడు పళ్ళెంతో పాటు ఇంకో చేతిలో చెంబు ఉంది. చెంగు తల మీదికి లాక్కుంది. నేను పుట్టాక, గుడిలో తప్ప, నా ముందు ఆమె తల మీద చెంగు వేసుకోవడం అదే మొదటిసారి.

“కరుణా, మీ ఆయన కాళ్ళకి నీళ్ళియ్యి” అంది. పళ్ళెం నా ముందు పెట్టింది. “తినండి అల్లుడు గారూ. వేడిగా ఉన్నయ్యి, నిదానంగా.”

తిన్నాను. అడిగి తెచ్చుకున్న సరుకు తిరిగి పంపేవాణ్ణి కాదు. నూనె సరిగా కాగకముందే వేసినట్టుంది, వేళ్ళకు నూనె అంటింది, లోపల మెత్తగా ఉంది. మంట చూసేవాడు లేక అలా అయిందేమో అనుకున్నాను. అంతోని ఇంతకాలం ఇదే తిని చానా బాగున్నాయి అన్నాడా అని కూడా అనుకున్నాను. అయినా పళ్ళెం ఖాళీ చేశాను. పక్కన నిలబడి అత్త “ఇంకో రెండేస్తా ఉండండి” అంది. లోపల చివరి వాయి వేసిన చప్పుడు వినిపించింది. గరిటె సిబ్బి అంచుకు తగిలిన చప్పుడు కూడా వినిపించింది. నన్ను ఎవరూ పిలవలేదు.

దారిలో కరుణమ్మ ఒక్క మాటే అంది. “కడుపు నిండిందా?”

ఈస్టరు పండగ వెళ్ళిన మర్నాడు అత్త ఇద్దరికీ కబురు పెట్టింది, దొడ్డికి రమ్మని. వెళ్ళేసరికి ఊళ్ళో జాగాలు కొలిచే బసవయ్య తాడు పట్టుకుని ఉన్నాడు. అత్త మునగచెట్టు నీడలో, చెంగు తల మీద వేసుకుని నిలబడి ఉంది.

“నాకు కొడుకుంటే దొడ్డి కొడుక్కి పోయేది” అంది బసవయ్యతో. “ఉన్నాడులే అనుకుంటా వచ్చా. లేడని తెలిసింది. ఇద్దరు అల్లుళ్ళు. అల్లుళ్ళకి ఎక్కువా తక్కువా ఉండకూడదు. చెరి సగం కొట్టు.”

“అత్తా” అన్నాను.

“చెప్పండి అల్లుడు గారూ.”

బసవయ్య తాడు లాగాడు. తాడు తోటకూర మడి మధ్యగా పోయింది. రోడ్డు వైపు సగం పెద్దల్లుణ్ణని నాకు, బావి వైపు సగం అంతోనికి.

నా సగంలో మర పడుతుంది. బండి పట్టదు. పట్టినా తిరగదు. ఎద్దులు రోడ్డు మీదే వెనక్కి నడవాలి. నేను ఎన్నిసార్లు అడుగులు వేసి చూసినా అంతే. చివరికి అంతోని దగ్గరకు వెళ్ళాను. బడి గంట కొట్టాక, పిల్లలంతా వెళ్ళిపోయాక, నీ సగం నాకివ్వు, బదులు నువ్వు ఏదడిగితే అది ఇస్తాను అన్నాను.

అతను చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు.

“ఇవ్వలేను అన్నయ్యా. అత్తయ్య గారు అందులో కూర వేసుకుంటున్నారు. ఆమె ఉన్నన్నాళ్ళు వేసుకోమన్నాను. మాటిచ్చాను.”

“కూరకి జాగా నేనిస్తాగదా ఇంకోచోట.”

“బావి ఇక్కడే ఉంది. ఆ బావి సంగతే ఆ రోజు ఆమె నన్నడిగింది” అన్నాడు.

“ఏ రోజు?”

“మేమిద్దరం దొడ్లో నడిచిన రోజు. బండ్లు తిరగడానికి బావి అడ్డమొచ్చిద్దా, గిలక పీకి పూడ్పించమంటారా, మీకు లెక్కలు తెలుసు గదా చూసి చెప్పండి అంది. మా ఇన్నయ్య మర పెట్టుకుంటాడు, వాడితో చెప్పబాకండి, పండక్కి నేనే చెప్తా అంది. పూడ్చక్కర్లేదు, బండి తిరిగే చోటు చాలినంత ఉంది అని చెప్పాను.”

అతను అబద్ధమాడేవాడు కాదు. అదే నాకు అతని మీద ఉన్న అసలు కోపం.

మర మస్తాన్‌రావే పెట్టాడు, మా ఊరి రైలు స్టేషను దగ్గర రెండోది. నా సగం దొడ్డిలో నేను కాయ ఆరబోసుకుంటాను. అడక్కుండా ఉంటే మొత్తం వచ్చేదని కరుణమ్మ అంటుంది. అది తర్వాత కట్టే లెక్క. గోతం విప్పకుండా సరుకు ఇదీ అని ఎవరు చెప్పగలరు? సరుకు మంచిదైతే మంచిదని నోటితో చెప్పాలి. మా అత్త చెప్పలేదు. నల్లగా మాడ్చి, పళ్ళెం కూడా లేకుండా సిబ్బిలో పెట్టి, అది ప్రేమ అని తెలుసుకోమంటే ఏ బేరగాడు తెలుసుకుంటాడు?

మరుసటి ఏడు తపస్సు కాలం వచ్చింది. ఇప్పుడు వసారాలో రెండు కుర్చీలు. రెండోది అత్త బసవయ్య ఇంటినుంచి అడిగి తెప్పిస్తుంది. శుక్రవారం మేమిద్దరం కూర్చుంటాం. రెండు పళ్ళేలు ఒకేసారి వస్తాయి. రెండింట్లోనూ మొదటి వాయి, ఎక్కువ తక్కువ లేకుండా. నూనె ఇప్పటికీ నా కొట్లోదే. ఆకు అంతోని సగంలోది.

ఒక శుక్రవారం అంతోని సగం తిని పళ్ళెం పట్టుకుని లేచాడు. లాల్చీ చేతులు మడుచుకుని లోపలికి వెళ్ళాడు. ఫిలోమినా పిల్లను ఆడిస్తూ బయటే ఉంది. లోపల మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

“మంట నేను చూస్తా అత్తయ్యా, మీరు వెయ్యండి.”

“మీ బట్టలకి మసి అయ్యిద్ది మాస్టారూ.”

“ఉతుక్కుంటే పోతది.”

పత్తికట్టె విరిగిన చప్పుడు. పిండి గిన్నె గీకిన చప్పుడు. నిప్పుల మీద చివరి వాయి నూనెలో సన్నగా వేగుతున్న చప్పుడు నాకు తెలుసు. మొదటి వాయి చప్పుడులా ఉండదు, వాన వెలిసేముందు చినుకులా ఉంటుంది. గరిటె సిబ్బికి తగిలింది. కరుణమ్మ ఏదో అంటే అందరూ నవ్వారు. తర్వాత అత్త గొంతు.

“ఏరా అంతోనీ, కాలుద్దిరా, ఊదుకుని తిను.”

అలా ‘ఏరా’ అని అతన్ని ఆమె పిలవడం నేను అంతకుముందు వినలేదు. నా పళ్ళెంలో ఇంకా సగం ఉన్నాయి. చల్లారి నూనె తేలింది. పంటి కింద ఆకు కరకరలాడుతున్న శబ్దం వంటింట్లోంచి వసారాలోకి వస్తోంది. చెవి దగ్గర కాయ ఆడించేవాణ్ణి కాబట్టి నాకు ఇంకాస్త స్పష్టంగానే వినిపిస్తోంది.

నేను గొంతు పెంచాను. “అత్తా, ఆ అడుగున మిగిలిన పలుకులు నాక్కూడా కాసిని పెట్టు.”

అత్త చెంగు తల మీదికి లాక్కుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“అయ్యో, ఆ మాడు ముక్కలు మీకెందుకు అల్లుడు గారూ?” అంది. “కూచోండి. పిండి మళ్ళీ కలిపి, మీకు వేడిగా మొదటి వాయి వేసి తెస్తా.”